కేబిన్‌లోంచి వీపులే కనిపిస్తాయి

మా థియేటర్ గేట్‌కీపర్ నర్సింలు మనవరాలు శిరీష ఈమధ్య సినిమా ఆపరేటరైంది. హైవే మీద కొత్తగా కట్టిన మూడు తెరల హాల్లో ఉద్యోగం. జహీరాబాద్‌లో నేను ఇంతకాలం చేసిన పనినే ఒక ఆడపిల్ల చేస్తున్నదంటే నాకు సంతోషమే. పోయిన నెల నన్ను చూడటానికి వచ్చి, చాయ్ తాగుతూ అడిగింది.

"తాతా, మీ కాలం దయ్యం సినిమాలు ఫోన్ల చూసిన. తెల్ల చీర, పొగ, కుక్కల ఏడుపు. నవ్వాగలే. గదానికి మీరెట్ల భయపడ్డరు?"

"యాడ కూసోని చూసినవ్?"

"బస్సుల."

"బస్సుల కండక్టర్‌కు తప్ప ఎవరికి భయపడతవు బిడ్డా?"

శిరీష నవ్వింది. "భయం గురించి మా నాయనమ్మనడుగు. సెకండ్ షో ఇడిసి ఇంటికి పోత గద, నేను తలుపు కొట్టకముందే తీస్తది. చీకట్ల ఎదురుంగ తెల్ల జుట్టు. మీ సినిమాలన్నిటికంటె పెద్ద దయ్యం మా ఇంట్లనే ఉన్నది. లోపల మంచిగ పండుకోవే అంటే ఇనది. మంచం తలుపు కాడనే ఉండాలె."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఆ మంచం తలుపు దగ్గరికి ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. దానికి కారణం కూడా ఒక దయ్యం సినిమానే. ఆ పిల్లకు చాయ్ తాగేంత సేపట్లో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు. ఉద్యోగంలో ఎలా పైకి రావాలో రాద్దామంటే మా పనిలో ప్రమోషన్లే లేవు. అసిస్టెంట్ ఆపరేటర్ అవుతాడు, ఆపరేటర్ ముసలివాడవుతాడు. అంతే.

వీపుల చదువు

మా కాలంలో తెర మీద బొమ్మ పడాలంటే రెండు కార్బన్ పుల్లల మధ్య మంట వెలగాలి. పుల్లలు కాలిన కొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఏమరితే తెర పచ్చబడుతుంది, కింద ఈలలు మొదలవుతాయి. మిషన్లు రెండు. ఒకదాని మీద రీలు అయిపోతుండగానే రెండోది అందుకోవాలి. ఇంత పని పెట్టుకుని ఆపరేటర్ సినిమా ఎక్కడ చూస్తాడు?

నాకు పని నేర్పిన మాణిక్‌రావు ఉస్తాద్ మొదటి రోజే ఆ సంగతి తేల్చేశాడు. "తెర చూడకు. తెర పని తెర చేస్తది. కేబిన్ గోడకున్న ఈ చిన్న కిటికీలకెంచి జనాన్ని చూడు."

"ముఖాలు కనపడయి గద ఉస్తాద్. అన్నీ వీపులే."

"మంచిదే. ముఖం అబద్ధమాడుతది. వీపుకు అబద్ధం రాదు."

ఉస్తాద్ మాట నిజమని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. విసుగు పుట్టినవాడి తల పక్కకు తిరుగుతుంది. ఏడ్చేవాళ్ళ వీపు కదలదు, చెయ్యి మాత్రం కొంగు మీదికో రుమాలు మీదికో పోతుంది. ఉలిక్కిపడ్డవాళ్ళ భుజాలు చెవుల దాకా లేస్తాయి, మరుక్షణం దిగిపోయి నవ్వు వస్తుంది. నిజంగా భయపడ్డవాళ్ళు మాత్రం కదలరు. మెడ కాస్త లోపలికి పోయి, వీపు రాయిలా నిలబడుతుంది.

చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటుంది కాబట్టి, ఏ సినిమా ఏ రీలులో వీపులు ఏం చేశాయో కూడా రోజూ రాసుకునేవాణ్ణి. అలా రాయగా తేలింది ఒకటే. పాత దయ్యం సినిమాల్లో దయ్యం కనిపించే చోట భయం ఉండదు. దయ్యం రాగానే జనం అరుస్తారు, ఈల వేస్తారు, ఒక రకంగా ఊపిరి పీల్చుకుంటారు. అసలు భయం దానికి ముందే, ఖాళీ మెట్ల దగ్గర, ఊగి ఆగిన ఉయ్యాల దగ్గర, సగం తెరిచిన కిటికీ దగ్గర. ఆ సినిమాలు తీసినవాళ్ళకు మంచి దయ్యాన్ని తయారుచేసే స్తోమత లేదు. అందుకని మెట్ల మీద, లాంతరు మీద, తలుపు మీద కాలం గడిపారు. ఆ లేమి వాళ్ళ చేత మంచి పని చేయించింది. ఇప్పటి వాళ్ళ చేతిలో అన్నీ ఉన్నాయి, టైటిల్స్ పడకముందే దయ్యాన్ని చూపించేస్తున్నారు. పెళ్ళిచూపులకు ముందే పెళ్ళి చేసినట్టు ఉంటుంది నాకు.

చచ్చినవాడు చాయ్ తాగిన ఆట

ఆదివారం ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళం. ఎక్కువగా రాకెట్లు, వింత జంతువులు, పిచ్చి శాస్త్రవేత్తలు. మాటలు ఎవరికీ అర్థం కావు. అందుకని మేనేజర్ ఖాదర్ సాబ్ కేబిన్‌లో మైకు పట్టుకుని కూర్చుని, బొమ్మ నడుస్తుండగా కథ చెప్పేవారు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ధైర్యం మాత్రం పూర్తిగా ఉండేది.

"ఈయన సైంటిస్ట్. దిమాగ్ శాన ఉన్నది గని అకల్ లేదు, బుద్ధి లేదు. వద్దన్న బటనే ఒత్తుతడు, జర చూడుండ్రి."

ఆ తర్వాత ఎన్నో సైన్సు సినిమాలు చూశాను. వాటిలో సగానికి పైగా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

ఒక ఆదివారం కాలంలో వెనక్కి పోయే యంత్రం సినిమా వచ్చింది. డబ్బాల మీద అంకెల చీటీలు ఊడిపోయి ఉన్నాయి. మాణిక్‌రావు ఉస్తాద్ అంచనా మీద రీళ్ళు పేర్చాడు. రెండు రీళ్ళు తారుమారయ్యాయి. హీరో స్నేహితుడు లోయలో పడి చచ్చిపోయాడు. తర్వాతి రీలులో అదే మనిషి బల్ల ముందు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఉస్తాద్ ముఖం తెల్లబోయింది. ఖాదర్ సాబ్ మాత్రం మైకు వదల్లేదు.

"పరేషాన్ గాకుండ్రి. మిషనెక్కి వెనకకొచ్చిండు. ఇంక సావలేదు, ముంగట సస్తడు."

హాలంతా చప్పట్లు. ఆరోజు మ్యాట్నీకి కూడా అదే సినిమా వేశాం, ఈసారి ఉస్తాద్ రీళ్ళు సరిగ్గా పేర్చాడు. మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒక అల్లం రైతు, రెండు ఆటలూ చూసినవాడు, మేనేజర్ గదికి వచ్చి తగాదా పెట్టుకున్నాడు.

"పొద్దుగాల సచ్చినోడు మళ్ళొచ్చి చాయ్ తాగిండు. ఇప్పుడు సచ్చినోడు సచ్చినట్లే ఉన్నడు. గిదేం సైన్సు సాబు?"

ఆ రైతుకు నేను చాలా రుణపడ్డాను. ఇలాంటి సినిమాల గురించి అంతకంటే మంచి విమర్శ నేను వినలేదు. మీరు ఏ నియమమైనా పెట్టండి, జనం ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక దాన్ని మీరే తప్పితే మాత్రం ఊరుకోరు.

లారీల కర్మాగారం వచ్చాక అక్కడి పనివాళ్ళు కూడా ఆదివారం ఆటకు రావడం మొదలుపెట్టారు. తెర మీద రాకెట్ చూసి, "వెల్డింగ్ మంచిగ లేదు, లేసిందంటే ఊడిపోతది" అనుకునేవాళ్ళు. అది కుక్కర్ మూతకు వెండి రంగు పూసినట్టే ఉండేది, వేలాడదీసిన తీగ కూడా కనిపించేది. అయినా రాకెట్ లేచేటప్పుడు ఆ వీపులన్నీ ఒక్కసారిగా ముందుకు వంగేవి. వారమంతా ఇనుము అతికిన మనుషులు ఆ కాసేపు తీగను చూడకుండా ఆకాశాన్ని చూసేవాళ్ళు.

నచ్చనివి కూడా చెప్పాలి

పాతవన్నీ మంచివని నేను అనను. చాలా దయ్యం సినిమాల్లో చెడ్డవాణ్ణి చూపించడానికి ఒక గూనివాణ్ణో, ముఖం కాలినవాణ్ణో, తల నెరిసిన విధవనో తెచ్చేవాళ్ళు. మా హాలు ముందు చాయ్ అమ్మే మనిషికి గూని. గూనివాణ్ణి చూసి హీరోయిన్ కెవ్వుమన్న సినిమా ఆడినన్నాళ్ళూ ఆయన ఇంటర్వెల్‌లో చాయ్ పట్టుకుని లోపలికి రాలేదు. గ్లాసులు గుమ్మం దగ్గరే పెట్టి పోయేవాడు. ఆ సినిమాను ఎంత గొప్పగా తీశారని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

టీవీ వచ్చాక దయ్యాలు ఇంటికొచ్చాయి. వచ్చి ఓడిపోయాయి. దయ్యం మెట్లు దిగుతుంటే వంటింట్లో కుక్కర్ కూస్తుంది, పక్కింటావిడ తోడుపెరుగు అడుగుతుంది, మధ్యలో సబ్బు ప్రకటన వస్తుంది. ఇంటి సందడి ముందు ఏ దయ్యమూ నిలవదు. అందుకే టీవీలో నాకు నచ్చిన దయ్యం కథలు తక్కువ, నచ్చినవన్నీ దయ్యాన్ని చూపించకుండా ఎవరో ఒకరు కూర్చుని నెమ్మదిగా చెప్పినవే. సైన్సు సీరియళ్ళు వేరు. అట్టముక్కల మీద బల్బులు అతికించి అంతరిక్షం అన్నారు. మేం సరే అన్నాం. నా పిల్లలతో పాటు నేలమీద కూర్చుని సరే అన్న ఆ సాయంత్రాలు ఎంత మంచివో ఇప్పుడు తెలుస్తున్నది.

నర్సింలు ఇల్లు

ఇక అసలు సంగతి.

డెబ్బైల చివర్లో ఒక దయ్యం సినిమా మా హాలుకు వచ్చింది. దూరాన చచ్చిపోయిన కొత్త కోడలు దయ్యమై వచ్చి, తన ఇంటి తలుపే మెల్లగా తడుతుంటుంది. లోపలివాళ్ళు విని కూడా ఊపిరి బిగబట్టి తలుపు తీయరు. ఏడో రీలులో వచ్చే ఆ సీను కోసం ఆడవాళ్ళు మ్యాట్నీకి బారులు తీరారు.

నర్సింలుకు అప్పటికి పెళ్ళై కొన్ని నెలలే. అతని భార్య సంగమ్మది రాయికోడ్ దగ్గరి పల్లె. శిరీష చెప్పిన తెల్ల జుట్టు నాయనమ్మ ఈ సంగమ్మే. అత్త మల్లమ్మతో కలిసి ఆ సినిమాకు వచ్చింది. చూసి వెళ్ళినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఎక్కడ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది, పని చేస్తూ చేస్తూ ఆగి తలుపు వైపు చూస్తూ నిలబడేది. పిల్లకు గాలి సోకిందని మల్లమ్మ తేల్చింది. మల్లమ్మ చెడ్డది కాదు. కోడలంటే ప్రేమే. అందుకే మరీ గాభరా పడింది.

మంగళవారం నాడు నర్సింలు కేబిన్‌కు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"విఠలన్నా, శుక్రారం మా అమ్మ ఆమెను భూతవైద్యుని కాడికి తీస్కపోత అంటున్నది."

"ఏం జేస్తడు ఆయన?"

"మిరపకాయల పొగ వెడతడు. చింతబరికెతోని కొడతడు. నిరుడు మా గల్లీల ఒకామెను తీస్కపోతే ఇప్పటికీ కుడిచెయ్యి లేస్తలేదు. అప్పటికీ గాలి పోకుంటే పుట్టింటికి తోలుతదట."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట అన్నా? గేటు కాడ ఎవలనన్న ఆపుత గని, మా అమ్మనెట్ల ఆపుత?"

ఆ సాయంత్రమే ఇంకో సంగతి జరిగింది. రెండో వారం జనం పలచబడ్డారు. రీళ్ళ పెట్టెతో పాటు హైదరాబాద్ నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ మనిషికి ఈ కబురు ఎలాగో అందింది. సంబరంగా మేనేజర్ గదికి వచ్చాడు. కార్బన్ పుల్లల కోసం నేను అక్కడే ఉన్నాను.

"సాబ్, రిక్షా మైకులో చెప్పిద్దాం. ఈ సినిమా చూసి మీ ఊరి ఇల్లాలికే దయ్యం పట్టింది, గుండెధైర్యం ఉన్నవాళ్ళే రండి అని. ఇంకో రెండు వారాలు హాలు నిండుతుంది."

ఖాదర్ సాబ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆమె నా గేటు కాడ నిలవడేటోని ఇల్లాలు. రిక్షా మీద తిరగది."

"పేరు చెప్పం కదా సాబ్."

"జహీరాబాద్‌ల పేరు చెప్పాల్నా? ఇక్కడ పొద్దుగాల దగ్గితే మాపటికి మొగుడంపల్లిల బతికిండా పోయిండా అని అడుగుతరు."

"అయితే శుక్రవారం పెట్టె తీసుకుపోతాను. ఇక్కడ ఆడించి లాభం లేదు."

"తీస్కపో. నీకు చాయ్ చెప్పిన, తాగి పో."

హాలు నింపే అవకాశాన్ని ఒక మేనేజర్ చాయ్‌తో సాగనంపడం నేను అదొక్కసారే చూశాను. ఆయన దగ్గర పనిచేసినందుకు నాకు ఈరోజుకీ గర్వమే.

ఆ మనిషి వెళ్ళాక సాబ్ నావైపు తిరిగారు. "విఠల్, పిల్ల ఏడ భయపడ్డదో ఎరుకనా?"

"అందరూ ఏడో రీలుకే భయపడ్డరు సాబ్. సౌండ్ తీసేసి ఆ రీలు చూపెడితే దయ్యం ఉత్త చీరేనని తెలుస్తది గద."

"శుక్రారం పెట్టె పోతది, పిల్ల గూడ పోతది. గురువారం పొద్దుగాల నడుపు. అత్తను గూడ రమ్మను."

ఏడో రీలు

గురువారం ఖాళీ హాల్లో నడిమి వరుసలో ముగ్గురే కూర్చున్నారు. మల్లమ్మ, సంగమ్మ, చివర నర్సింలు. నేను శబ్దం పూర్తిగా తగ్గించి రీలు నడిపాను. ఖాదర్ సాబ్ మైకు అందుకున్నారు.

"సలామ్ మల్లమ్మా. ఇప్పుడొచ్చే దయ్యం పొద్దుగాల మూడు ఇడ్లీలు తిన్నది. ఆ చీర ఆమెది గాదు, కిరాయిది. పొగ ఊదేటోడు పక్కన నిలవడి దగ్గుతున్నడు, మీకు ఇనవడకుండ మా విఠల్ బంద్ జేసిండు. అగో, జుట్టు జూడు. ఊడితే ఇంకోటి పెడతరు."

మల్లమ్మ వీపు ఊగింది. నవ్వుతున్నది. కాసేపటికి సంగమ్మ భుజాలు కూడా దిగాయి. పని అయిపోయిందనుకున్నాను. సాబ్ సైగ చేస్తే శబ్దం కొంచెం కొంచెంగా పెంచాను. కుక్కలు ఏడ్చాయి, దయ్యం పకపకా నవ్వింది. సంగమ్మ వీపులో మార్పు లేదు. ఆ తర్వాత తెర మీద మూసిన తలుపు వచ్చింది. టక్, టక్, టక్. చాలా మెల్లగా.

సంగమ్మ మెడ లోపలికి పోయింది. వీపు రాయైంది.

నిలిచిపోయిన ఫిలిం మీద వేడి పడితే కాలిపోతుంది కాబట్టి, ముందు మంటకు అడ్డంగా రేకు దించి మిషన్ ఆపాను. "సాబ్, ఆమె దయ్యానికి భయపడ్తలేదు. తలుపు సప్పుడుకు."

ఇద్దరం కిందికి దిగాం. ఖాదర్ సాబ్ వాళ్ళకు దగ్గరగా కాకుండా రెండు వరుసల అవతల కూర్చున్నారు.

"బేటీ, గసొంటి సప్పుడు నువ్వు యాడన్న ఇన్నవా?"

సంగమ్మ నేలచూపులతోనే చెప్పింది. "నేనే కొడత సాబు."

"యాడ?"

"ఇంటికాడ. తెల్లారకముందు చెంబు పట్టుకోని చెరుకుతోట దిక్కు పోత గద. మళ్ళొచ్చేటాళ్ళకు లోపల గొళ్ళెం పడి ఉంటది. మెల్లగ కొడత. కొత్తదాన్ని, గట్టిగ కొడితే గల్లీ లేస్తది. ఎవ్వలు తియ్యరు. తెల్లారేదాక అరుగు మీద కూసుంట."

"రోజూనా?"

"రోజు గాదు. శాన పొద్దులు." కొంగు వేలికి చుట్టుకుంది. "సినిమాల ఆమె గూడ గట్లనే కొట్టింది. ఆమె సచ్చిపోయింది గాబట్టి తియ్యలే. నేను బతికే ఉన్న గద."

ఆ మాట విన్నాక నేను మళ్ళీ ఏ దయ్యం సినిమానూ పాత కళ్ళతో చూడలేదు.

మల్లమ్మ కోడలి వైపు తిరిగింది. "గొళ్ళెం పెట్టేది నేనే బిడ్డా. తలుపు తెరిసుంటే కుక్కలొస్తయని నిద్రమబ్బుల లేసి పెట్టి పండుకుంట. నువ్వు బయటున్నవని నాకెరుక లేదు. ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె అత్తమ్మా?"

మల్లమ్మ కొడుకు మీదికి తిరిగింది. "పక్కల మనిషి లేదని నీకన్న ఎరుక లేదారా?"

"సెకండ్ షో ఇడిసి వచ్చి పండుకుంట అమ్మా, నాకేం సోయి ఉంటది?"

"పండు. ఇయ్యాల్టి నుంచి నువ్వే పండు అరుగు మీద."

సంగమ్మ ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. నేను కింద నిలబడి ఉన్నాను కాబట్టి, ఆ ఒక్కరోజు వీపు కాకుండా ముఖమే చూశాను.

మల్లమ్మ లేచి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇగ చాలు సాబు. ఇంటికి పోతం."

శుక్రవారం పెట్టె బస్సెక్కింది. సంగమ్మ ఎక్కడికీ పోలేదు. వెంటనే అంతా బాగైందని అనను, తిండి కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. గురువారం సాయంత్రమే మల్లమ్మ తన నులకమంచం తెచ్చి తలుపు దగ్గర వేసుకుందని మాత్రం నర్సింలు చెప్పాడు. కోడలు బయటికి పోతే తలుపు దగ్గరికి వేసి, ఆమె వచ్చేదాకా మంచం మీదే కూర్చునేదట. ఇంట్లోకి మరుగుదొడ్డి వచ్చాక కూడా ఆ మంచాన్ని అక్కడి నుంచి జరపనివ్వలేదు.

శిరీషకు

ఇది రాసే ముందు సంగమ్మను అడిగాను. మల్లమ్మ, ఖాదర్ సాబ్, నర్సింలు ఇప్పుడు లేరు. ఒప్పుకోవలసింది ఆమె ఒక్కతే.

"రాయి అన్నా," అన్నది. "అత్తమ్మ గురించి మంచిగ రాయి. గొళ్ళెం గురించే రాసి ఇడిసిపెట్టకు, మంచం గురించి గూడ రాయి."

శిరీషా, మీ కేబిన్‌లో ఇప్పుడు కార్బన్ లేదు, రీలు లేదు. బటన్ నొక్కితే ఆట దానంతటదే నడుస్తుంది. ఆట మొదలయ్యాక నువ్వు బయటికి పోయినా అడిగేవాళ్ళు లేరు. పోవద్దు. రోజుకు ఒక ఆటకైనా ఆ చిన్న కిటికీ దగ్గర నిలబడు. తెర చూడకు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ రాయిలా అయ్యారో చూడు. భయం తెర మీది నుంచి దిగి వచ్చేది కాదు. మనుషులు ఇంటి నుంచి తెచ్చుకుంటారు, సినిమా దాన్ని తట్టి లేపుతుంది. పాత సినిమాలు చేతగాకనో, సొమ్ము లేకనో ఒక మూసిన తలుపును అంతసేపు చూపించబట్టే మీ నాయనమ్మ తన మాట చెప్పగలిగింది. వాటిని చూసి నవ్వు, తప్పులేదు. మేమూ కుక్కర్ మూతలను చూసి నవ్వాం. తర్వాత ముందుకు వంగి చూశాం.

ఇంకొకటి. నువ్వు చూసి నవ్వే ఆ మంచం మీ నాయనమ్మది కాదు, మల్లమ్మది. నులక మార్చారు, మంచంకోళ్ళు అవే. సెకండ్ షో వదిలి నీ బండి గల్లీ మొదట్లోకి రాగానే సంగమ్మ దాని మీద లేచి కూర్చుంటుంది. ఆ ఇంట్లో ఏ ఆడపిల్లా తలుపు కొట్టాల్సి రాకూడదని.